వెక్టర్ బొమ్మకు గ్యాలరీ గోడ: హైదరాబాద్‌లో ఏ గ్రూప్ షో, ఏ ప్రింటు, ఎన్ని కాపీలు?

హైదరాబాద్‌లో ఇలస్ట్రేషన్ చేసేవాళ్లకు కొదవ లేదు. మాసాబ్ ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లున్నారు, సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్ నుంచి వచ్చినవాళ్లున్నారు. పగలంతా హైటెక్ సిటీ కంపెనీల్లో యాప్ ఐకాన్లు గీసి రాత్రిళ్లు సొంత బొమ్మలు వేసుకునేవాళ్లున్నారు. పిల్లల పుస్తకాలకు వేసేవాళ్లు సరేసరి. వీళ్లలో చాలామంది పని ఫోన్ తెర దాటి బయటికి రాదు. ఎప్పుడో ఒకరోజు "గ్రూప్ షో పెడుతున్నాం, రెండు వర్క్స్ ఇస్తారా?" అని ఫోన్ వస్తుంది. సంతోషం, టెన్షన్ రెండూ ఒకేసారి మొదలవుతాయి. ఇవ్వాలా వద్దా? ఫైలును దేని మీద ప్రింట్ తీయించాలి? ఎంత సైజు? ధర ఎంత చెప్పాలి?

మామూలుగా జరిగేదేమిటంటే, ముందు షోకి ఒప్పుకుంటారు, ఆఖరి వారంలో ప్రింటు కోసం పరిగెత్తుతారు. ఈ వరుసను తిరగేయమంటాను. ఆయిల్ పెయింటింగ్‌కు కాన్వాస్ బిగించిన రోజే సైజు తేలిపోతుంది. అది ఒక్కటే ఉంటుంది కాబట్టి సంఖ్యా తేలిపోతుంది. వెక్టర్ ఫైలుకు ఈ రెండూ లేవు. అందులో ఉన్నది బిందువులు, వాటిని కలిపే బెజియర్ వంపుల లెక్కలు మాత్రమే. విజిటింగ్ కార్డు మీదైనా మెట్రో పిల్లర్ మీదైనా గీత అదే పదునుతో వస్తుంది, ఎన్ని కాపీలైనా వస్తాయి. గ్యాలరీకి మాత్రం ఇంత సైజు, ఇన్ని కాపీలు అని తేలిన వస్తువు కావాలి. అది తేల్చాల్సింది మీరు. ముందు అవి తేల్చుకుంటే ఏ షో మీకు సరిపోతుందో చెప్పడం చాలా సులువవుతుంది. అందుకే ఇక్కడ సైజు, ప్రింటు, కాపీలు అయ్యాకే షోల సంగతికి వస్తాను.

పెద్దది ఒకటా, చిన్నవి ఆరా?

చందమామలో వడ్డాది పాపయ్య, శంకర్, చిత్ర వేసినవి, వారపత్రికల్లో బాపు వేసినవి చూస్తూ పెరిగిన తరాలు మనవి. ఆ బొమ్మలన్నీ చేతిలో పట్టుకుని, అడుగు దూరం నుంచి చూసేవి. ఇప్పటి ఫోన్ తెర కూడా అంతే దూరం. గ్యాలరీకి వచ్చిన మనిషి ముందు ఆరేడు అడుగుల దూరంలో ఆగుతాడు, నచ్చితేనే దగ్గరికొస్తాడు. పక్కన నాలుగడుగుల ఆక్రిలిక్ పెయింటింగ్ ఉంటే, ఏ3 సైజు (రెండు ఏ4 కాగితాలంత) ప్రింటు ఒక్కటే ఆ గోడ మీద కనిపించకుండా పోతుంది. గ్రూప్ షోలో ఇలస్ట్రేషన్‌కు ఎదురయ్యే మొదటి కష్టం ఇదే.

దీనికి ఉన్న దారులు రెండు. బొమ్మను మూడడుగులకు పెంచడం ఒకటి. ఏ3 సైజులో నాలుగో ఆరో ఒక సిరీస్‌గా తీసి, మధ్యలో రెండంగుళాల ఖాళీతో ఒకే గుంపుగా కట్టడం రెండోది. మొదటిసారి షోలో పెట్టేవాళ్లకు నేను రెండోదే చెబుతాను. దూరం నుంచి గుంపంతా ఒక పెద్ద పనిలా నిలబడుతుంది. దగ్గరికొచ్చినవాళ్లు ఒక్కొక్కటీ పుస్తకం పేజీలా చూస్తారు. ఇలస్ట్రేషన్‌కు కథ చెప్పే గుణం ఉంది కదా, వరుసలో అది బయటపడుతుంది. పైగా ఆరింటిలో ఒకటి కొనుక్కునే అవకాశం ఉంటే, మధ్యతరగతి మనిషి కూడా ధర అడగడానికి ముందుకొస్తాడు. గుంపు మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా చూడండి. మ్యూజియంలు సాధారణంగా పాటించే ఎత్తు అది.

పెద్ద సైజుకే వెళ్తానంటే, "వెక్టరే కదా, ఎంతకైనా సాగుతుంది" అన్న ధీమా పనికిరాదు. గీత సాగుతుంది, బొమ్మ సాగదు. ఫోన్ తెర కోసం కూర్చిన బొమ్మలో ఒకే రంగు నింపిన ఆకాశం మూడడుగుల కాగితం మీద ఉత్త ఖాళీగా తేలిపోతుంది. అక్కడ కొత్త వివరాలు గీయాల్సి రావచ్చు. అడోబీ ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో గీతల మందాన్ని కూడా సైజుతో పాటు పెంచే సెట్టింగ్ ఆన్‌లో లేకపోతే, బొమ్మ నాలుగింతలు పెరిగినా గీతలు పాత మందంలోనే ఉండి, వెంట్రుకల్లా కనిపిస్తాయి. నీడలు, బ్లర్‌ల వంటి ఎఫెక్టులు వెక్టర్ ఫైల్లో ఉన్నా అవి పిక్సెళ్లే, అంటే పెంచితే మసకబారే చిన్న చిన్న రంగు చదరాలే. వెబ్ కోసం తెరిచిన ఫైల్లో వాటి రిజల్యూషన్ (అంగుళానికి పిక్సెళ్లు) మామూలుగా 72 దగ్గర ఉంటుంది, దాన్ని 300కు మార్చాలి. రంగు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మెల్లగా కలిసిపోయే గ్రేడియెంట్లు ప్రింట్‌లో చారలుగా విడిపోయే ప్రమాదం ఉంది. వాటి మీద సన్నని గ్రెయిన్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఐప్యాడ్ మీద ప్రోక్రియేట్‌లో వేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అది పిక్సెళ్ల లోకం. ఏ3 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంటే 3508 బై 4961 పిక్సెళ్లు. అదే ఫైలును ఏ1కి పెంచితే 150 డీపీఐకి పడిపోతుంది. ఆరడుగుల దూరం నుంచి ఫర్వాలేదు, దగ్గరికొస్తే కుంచె జాడలు మెత్తబడినట్టు కనిపిస్తాయి. అందుకే పిక్సెళ్లలో వేసేవాళ్లు ఎంత సైజు వేలాడదీస్తారో బొమ్మ మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి. వెక్టర్ వాళ్లకు చివరిదాకా వెసులుబాటు ఉంటుంది.

ఏ సైజు బాగుంటుందో తేలకపోతే ఒక చవక పరీక్ష ఉంది. బొమ్మలో ముఖ్యమైన భాగాన్ని, అసలు ప్రింట్‌లో ఎంత ఉంటుందో అంతే సైజులో, మామూలు ఏ4 కాగితాల మీద వీధి చివరి జిరాక్స్ షాపులోనే రంగుల్లో తీయించి, ఇంట్లో గోడకు అతికించి, ఏడడుగులు వెనక్కి జరిగి చూడండి. తెర మీద గంటలు గంటలు చూసినా తెలియనిది అక్కడ తెలుస్తుంది.

ప్రింట్ దేని మీద?

ఇక్కడ పోటీ ముఖ్యంగా ఆర్కైవల్ ప్రింట్‌కూ స్క్రీన్ ప్రింట్‌కూ మధ్యే. మిగతావాటి గురించి తక్కువే చెబుతాను.

ఆర్కైవల్ ప్రింట్ అంటే పిగ్మెంట్ ఇంకుతో (కరగని రంగు పొడితో చేసిన, త్వరగా వెలిసిపోని ఇంకు), యాసిడ్ లేని మందపాటి కాగితం మీద తీసే ఇంక్‌జెట్ ప్రింటు. దీన్నే జిక్లే అని కూడా అంటారు. 1991లో అమెరికాలో జాక్ డుగాన్ అనే ప్రింటర్ పెట్టిన పేరది. ఇప్పుడు ఏ ఇంక్‌జెట్ ప్రింట్‌కైనా ఆ పేరు తగిలించేవాళ్లున్నారు కాబట్టి పేరును నమ్మకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఇంకు పిగ్మెంటా, డైనా? కాగితం ఏ కంపెనీది, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు), నూలుదా? చిన్న టెస్ట్ ప్రింట్ ఇస్తారా? హానెమ్యూలే ఫోటో ర్యాగ్ వంటి 308 జీఎస్ఎం నూలు కాగితం మీద మ్యాట్ ప్రింట్ తీస్తే, ఒకే రంగు నింపిన పెద్ద భాగాలు కూడా మెరుపు లేకుండా, నిండుగా వస్తాయి. గ్యాలరీ లైట్ల కింద ఇది చాలా ముఖ్యం. ఒక్క జాగ్రత్త: మ్యాట్ కాగితం మీద ముదురు రంగులకు గోరు తగిలినా గీత పడుతుంది. ల్యాబ్ నుంచి ఫ్రేమ్ షాపు దాకా ఆ ప్రింట్‌ను చుట్టకుండా, మధ్యలో పల్చటి యాసిడ్ రహిత కాగితం పెట్టి, బల్లపరుపుగా తీసుకెళ్లండి.

ఇలాంటి ప్రింటర్లలో పది, పన్నెండు రంగుల ఇంకులుంటాయి. వాటికి ఆర్‌జీబీ (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పద్ధతి) ఫైలే ఇవ్వడం మేలు. తొందరపడి సీఎంవైకేలోకి (నాలుగు ఇంకుల ముద్రణ పద్ధతిలోకి) మార్చి ఇస్తే ప్రింటర్ చేతనైన రంగులు కూడా మీరే చంపేసినట్టవుతుంది. అయినా తెర మీద వెలిగే నియాన్ ఆకుపచ్చ, కరెంటు నీలం కాగితం మీద అంత వెలగవు. ఆ రంగులే మీ బొమ్మకు ప్రాణమైతే రెండో దారి చూడాలి.

ఆ రెండో దారి స్క్రీన్ ప్రింట్, అంటే సన్నటి వల బిగించిన చట్రం గుండా రంగును కాగితం మీదికి నెట్టే ముద్రణ. వెక్టర్ బొమ్మకు ఇంతకంటే దగ్గరి చుట్టం లేదనిపిస్తుంది నాకు. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. ఫైల్లో రంగుల పొరలు ఎలాగూ విడివిడిగా ఉంటాయి కాబట్టి విడదీయడం తేలిక. ప్రింట్ తీసేవాళ్లు కలిపిన అసలు రంగే కాగితం మీద కూర్చుంటుంది. బంగారు, వెండి, ఫ్లోరసెంట్ రంగులు మామూలు ఇంక్‌జెట్ నుంచి రావు, ఇక్కడ వస్తాయి. వేలు పెట్టి చూస్తే ఇంకు పొర తగులుతుంది. చూసేవాళ్లు "ఇది కంప్యూటర్ ప్రింటే కదా" అనడం మానేస్తారు. హైదరాబాద్‌లో ఈ పని చేతిలో ఉన్నవాళ్లు ఆర్ట్ ప్రపంచం బయట ఎక్కువ. పెళ్లి కార్డులకు పేరున్న ఛత్తా బజార్‌లో తరాలుగా ఇదే వృత్తి. ఏ3 లోపు, మూడు నాలుగు రంగుల బొమ్మను పట్టుకెళ్లి, కాగితం మీరే ఇచ్చి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవాలని ఓపిగ్గా చెప్పి చేయించుకోవచ్చు. వాళ్లకు తొందర పని అలవాటు, మీకు తీరిక పని కావాలి, ఆ మాట ముందే మాట్లాడుకోండి. షోకి వారం ముందు వెళ్తే కుదరదు.

స్క్రీన్ ప్రింట్‌కు లోటు లేకపోలేదు. రంగులు ఎనిమిదికి పెరిగితే ఖర్చు, తప్పులు రెండూ పెరుగుతాయి. గ్రేడియెంట్లుంటే చుక్కల్లోకి మార్చాలి, ఆ చుక్కల తీరు అన్ని బొమ్మలకూ నప్పదు. రెండు కాపీల కోసం స్క్రీన్లు కట్టించడం దండగ, కనీసం ఇరవై తీస్తేనే గిట్టుబాటు. కాబట్టి రంగులు తక్కువ, కాపీలు ఎక్కువైతే స్క్రీన్ ప్రింట్. రంగులు ఎక్కువ, కాపీలు తక్కువైతే ఆర్కైవల్ ప్రింట్. ఈ కొలత దాదాపు ఎప్పుడూ తప్పదు.

కాన్వాస్ మీద ప్రింట్ వద్దంటాను. పెయింటింగ్‌లా కనిపించాలన్న ఆరాటం తప్ప అందులో వెక్టర్ గీతకు లాభమేమీ లేదు. బట్ట నేత సన్నని గీతల పదును తీసేస్తుంది. సన్‌బోర్డు మీద నేరుగా అతికించడం కూడా వద్దు. కొన్నాళ్లకు బుడగలు లేస్తాయి, కొన్నవాళ్లు ఫ్రేమ్ మార్చుకోవాలన్నా ఊడిరాదు. లైట్‌బాక్స్ (వెనక దీపం వెలిగే పెట్టె), ఆక్రిలిక్ మీద యూవీ ప్రింట్ బాగుండే బొమ్మలు కొన్ని ఉంటాయి. బ్రిటిష్ కళాకారుడు జూలియన్ ఓపీ మందపాటి గీతల మనుషుల్ని వినైల్ (అతికే ప్లాస్టిక్ షీటు), లైట్‌బాక్స్, ఎల్ఈడీ తెరల మీద ఎలా నిలబెట్టాడో చూస్తే ఈ దారి ఎంత దూరం వెళ్తుందో అర్థమవుతుంది. గ్రూప్ షోలో మాత్రం మీ లైట్ పక్కవాళ్ల పని మీద పడుతుంది. నిర్వాహకులతో ముందే మాట్లాడకుండా తీసుకెళ్లవద్దు.

గోడకే నేరుగా కట్ చేసిన వినైల్ అతికించడం నాకు చాలా ఇష్టమైన పద్ధతి. కటింగ్ మెషిన్‌కు కావాల్సింది వెక్టర్ గీతే, మధ్యలో ఇంకే మార్పూ అక్కర్లేదు. పది అడుగుల గోడ తక్కువ ఖర్చుతో నిండుతుంది. షో అయ్యాక పీకేయడమే, మరి అమ్మేది ఏమిటంటే దానికీ దారి ఉంది. అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ తన మొదటి వాల్ డ్రాయింగ్‌ను 1968లో న్యూయార్క్ పౌలా కూపర్ గ్యాలరీలో, ఒక గ్రూప్ షోలోనే గీశాడు. ఆ తర్వాత అతని వాల్ డ్రాయింగ్స్ కొన్నవాళ్లకు దక్కింది సర్టిఫికెట్, ఎలా గీయాలో చెప్పే సూచనలు. గోడ మారినా పని అదే. మీ వినైల్ బొమ్మను కూడా సర్టిఫికెట్‌తో, ఏ సైజు దాకా పెంచవచ్చో రాసిన కాగితంతో ఇవ్వొచ్చు. ఇక్కడి కొనుగోలుదారులకు ఇది ఇంకా అలవాటు కాలేదు కాబట్టి అమ్మకం మీద ఆశ పెట్టుకున్న షోలో కాకుండా, పేరు కోసం చేసే షోలో పెట్టండి.

బొమ్మలో తెలుగు అక్షరాలుంటే ఒక పని తప్పనిసరి. ల్యాబ్‌కు ఇచ్చే ఫైల్లో టెక్స్ట్‌ను అవుట్‌లైన్స్‌గా, అంటే ఉత్త గీతలుగా మార్చేయండి. మీ ఫాంట్ వాళ్ల కంప్యూటర్లో లేకపోతే ఒత్తులు ఊడి పక్కకు పోతాయి, గుణింతాలు చెదురుతాయి. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకు తెలుగు చదవడం రాకపోతే అది ఎవరి కంటా పడకుండా ప్రింటైపోతుంది. మార్చాక కూడా ఒకసారి పీడీఎఫ్ తెరిచి అక్షరం అక్షరం చదవండి.

ఫ్రేమ్ సంగతి క్లుప్తంగా: మౌంట్ బోర్డు యాసిడ్ లేనిది అడగండి, గాజుకూ ప్రింట్‌కూ మధ్య ఖాళీ ఉండాలి. వానాకాలం తేమకు కాగితం ఉబ్బి గాజుకు అంటుకుంటే విడదీయడం కష్టం. సన్నని నల్ల ఫ్రేమో, లేత చెక్క ఫ్రేమో చాలు.

ఎన్ని కాపీలు?

మన నగరానికి ప్రింట్ కొత్త కాదు. 1940లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లు (లోహపు పలక మీద గీసి తీసే ప్రింట్లు) చూసినవాళ్లకు, కింద పెన్సిల్‌తో రాసిన 3/25 లాంటి అంకె, పక్కన సంతకం తెలిసినవే. అంటే ఇరవై అయిదింటిలో మూడోది. ఇలా ముందే సంఖ్య తేల్చి తీసిన కాపీల మొత్తాన్నే ఎడిషన్ అంటారు. కాబట్టి "ప్రింట్ అంటే ఒరిజినల్ కాదు కదా" అని ఎవరైనా అంటే తల దించుకోనక్కర్లేదు. ప్రింట్‌మేకింగ్‌కు ఇక్కడ గౌరవమైన చరిత్ర ఉంది.

అయితే ఒక తేడాను దాచకూడదు. ఎచింగ్‌లో రాగి పలకో జింకు పలకో అరుగుతుంది. కాపీల సంఖ్యకు ఆ లోహమే ఒక హద్దు పెడుతుంది. వెక్టర్ ఫైలు అరగదు. వెయ్యో ప్రింట్ కూడా మొదటి ప్రింట్‌లాగే ఉంటుంది. అందువల్ల మీరు 1/25 అని రాస్తే దాని వెనక ఉన్నది మీ మాట ఒక్కటే. ఆ మాట తప్పితే కొన్నవాళ్లు ఇక మీ దగ్గరికి రారు, మీతో పాటు గోడ పంచుకున్న ఇలస్ట్రేటర్ల మీద కూడా నమ్మకం పోతుంది. ఈ విషయంలో నేను కొంచెం కఠినంగానే ఉంటాను. ఎడిషన్‌లో సైజు మారిస్తే కొత్త ఎడిషన్ అవుతుందా లేదా, ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (లెక్కకు బయట మీకోసం ఉంచుకునే కాపీలు) ఎన్ని, ఇదే బొమ్మ టీషర్టు మీద వస్తుందా రాదా, ఇవన్నీ సర్టిఫికెట్ మీద ముందే రాసిపెట్టండి. ప్రూఫ్‌లు ఎడిషన్‌లో పదో వంతు దాటకపోవడం మంచి అలవాటు.

సంఖ్య విషయంలో నా సలహా: ఏ3 సైజుకు 15 నుంచి 25, మూడడుగుల సైజుకు 5 లోపు. ఒక్కటే తీసి "ఇది ఏకైక ప్రతి" అనడం కూడా కొందరు చేస్తారు. ప్రింట్ మీద చేత్తో రంగు వేసి, రేకు అతికించి ఒక్కటే చేస్తే ఆ మాటకు బలం ఉంటుంది. ఉత్త ప్రింట్‌కు అంత బలం రాదు.

2013 నుంచి జరుగుతున్న హైదరాబాద్ కామిక్‌కాన్‌లో టేబుల్ పెట్టి ఏ4 ప్రింట్లు, స్టిక్కర్లు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మంచి మార్కెట్టే, అక్కడ దొరికే పాఠకుల ప్రేమ గ్యాలరీలో దొరకదు. కానీ అక్కడ కొన్ని వందలకు అమ్మే బొమ్మనే గ్యాలరీలో వేలకు పెట్టకూడదు. రెండు చోట్లా ఉండాలనుకుంటే రెండు సిరీస్‌లు వేరుగా పెట్టుకోండి. ఒక బొమ్మ సంఖ్యకు హద్దు లేని ఓపెన్ ఎడిషన్‌గా ఒకసారి బయటికి వెళ్లిందంటే దాన్ని మళ్లీ లిమిటెడ్ అనలేరు. సినిమా హీరోల బొమ్మల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అభిమానంతో వేయడం వేరు, పోస్టర్‌లోని రూపాన్ని ప్రింట్ తీసి అమ్మడం వేరు. దానికి హక్కుదారుల అనుమతి కావాలి.

ఇక ఏ షో?

నగరంలో దారులు స్థూలంగా నాలుగు. బంజారా హిల్స్‌లోని కళాకృతి, జూబ్లీహిల్స్‌లోని సృష్టి వంటి ప్రైవేటు గ్యాలరీలు క్యూరేట్ చేసే (తామే ఎంచి, అమర్చే) షోలు ఒకటి. ఎవరో నిర్వాహకులు హాలు అద్దెకు తీసుకుని, పాల్గొనేవాళ్ల దగ్గర ఫీజు వసూలు చేసే షోలు రెండు. అయిదారుగురు స్నేహితులు కలిసి అద్దె పంచుకుని సొంతంగా పెట్టుకునేవి మూడు. లామకాన్, గోథె సెంట్రుమ్, అలియాన్స్ ఫ్రాన్సేజ్ వంటి సాంస్కృతిక వేదికల్లో జరిగేవి నాలుగు.

ప్రైవేటు గ్యాలరీ పిలిస్తే, మీ ఎడిషన్ లెక్కలు సిద్ధంగా ఉంటే, రెండో ఆలోచన లేకుండా వెళ్లండి. ఫీజు ఉండదు, కమిషన్ ఉంటుంది. అది అమ్మకం ధరలో సగం దాకా ఉండటం ఈ రంగంలో మామూలే. సగమా అని ముందు గుండె ఝల్లుమంటుంది కానీ, కొనే అలవాటున్న మనుషుల్ని ఏళ్ల తరబడి పోగుచేసుకున్నది వాళ్లు. గ్యాలరీ ఇదివరకు కాగితం మీది పనులు ఎన్ని చూపించిందో కూడా గమనించండి. కళాకృతి వాళ్ల దగ్గర పాత మ్యాపుల పెద్ద సేకరణ ఉంది. గీతను, ముద్రణను ప్రేమగా చూసే కళ్లు అలాంటి చోట దొరికే అవకాశం ఎక్కువ. అన్నీ పెద్ద కాన్వాసులే అమ్మే చోట మీ ఏ3 ప్రింట్లు మూల గోడకు చేరే ప్రమాదం ఉంది.

ఫీజు షోల విషయంలో అందరినీ ఒకే గాటన కట్టను. మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ వంటి పెద్ద హాళ్లలో మంచి ఎంపికతో జరిగేవీ ఉన్నాయి. ఆ హాళ్లు వెక్టర్ పనికి అనుకూలం కూడా. 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ అక్కడ జరిగినప్పుడు వెళ్లి, డిజిటల్ ప్రింట్లను ఏ సైజులో, ఎంత ఎడంగా కడుతున్నారో చూస్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది. ఫీజు కట్టే ముందు మాత్రం కొన్ని అడగాలి. మొత్తం ఎంతమంది పాల్గొంటున్నారు? ఒక్కొక్కరికి ఎన్ని అడుగుల గోడ? ఎవరు ఎంపిక చేస్తున్నారు, ఎవరినైనా వద్దన్నారా? ప్రారంభోత్సవం తర్వాత మిగతా రోజుల్లో హాల్లో ఎవరుంటారు? అడిగిన ప్రతి ఒక్కరికీ చోటిచ్చి, అందరికీ మెమెంటో ఇచ్చే షో మీ డబ్బుతో జరిగే కార్యక్రమం. అందులో మీ పనిని చూసే తీరిక ఎవరికీ ఉండదు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం. కింది అంకెలు అర్థం కావడానికి ఊహించినవే. ఒక ఏ3 ప్రింట్, ఫ్రేమ్ కలిపి 4,000 ఖర్చు, ధర 15,000 అనుకుందాం. సగం కమిషన్ ఉన్న గ్యాలరీలో ఒకటి అమ్ముడైతే మీకు మిగిలేది 3,500. రెండు అమ్ముడైతే 7,000. ఫీజు 10,000, కమిషన్ లేని షోలో ఒకటి అమ్ముడైతే మిగిలేది 1,000, రెండైతే 12,000. ఒక్కటీ అమ్ముడుపోకపోతే ఆ పదివేలు పోయినట్టే. అంటే కొనేవాళ్లను మీరే తీసుకురాగలిగితే ఫీజు షో, సొంత షో లాభం. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ బొమ్మల్ని అడిగి మరీ కొనేవాళ్లు ఇప్పటికే ఉన్నారా? లేకపోతే కమిషన్ ఇచ్చే దారే నయం. నలుగురు స్నేహితుల సొంత షోలో అద్దె పంచుకుంటే రిస్కు తగ్గుతుంది, గోడ ఎక్కువ దొరుకుతుంది. అందరూ ఇలస్ట్రేటర్లే అయితే పక్కనున్న పెయింటింగ్ ముందు చిన్నబోయే సమస్యే ఉండదు. నా ఓటు ఎక్కువగా దీనికే. ఒకే థీమ్, ఒకే సైజు, ఒకే ధర పెట్టుకుని చేస్తే చూసేవాళ్లకు కూడా తేలిక. 2004లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన గ్యాలరీ 1988 థీమ్ ఇచ్చి గ్రూప్ షోలు పెట్టే పద్ధతితోనే ఇలస్ట్రేటర్లకు నిలకడైన చోటు తయారుచేసింది.

బంజారా హిల్స్‌లో 2010లో తెరిచిన లామకాన్ లాంటి చోట అమ్మకాలు ఆశించవద్దు. నాటకానికి వచ్చినవాళ్లు, సమోసా, చాయ్ కోసం వచ్చినవాళ్లు, గ్యాలరీ గడప ఎప్పుడూ తొక్కనివాళ్లు మీ బొమ్మ ముందు నిలబడతారు. రాజకీయ, సామాజిక విషయాల మీద వేసినవాటికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. ఆరుబయటి గాలి, తేమ తగులుతాయి కాబట్టి ఖరీదైన నూలు కాగితం ప్రింట్లు ఇక్కడ పెట్టవద్దు. ఇక్కడికి వినైల్, చవక పోస్టర్లు సరిపోతాయి.

చెరియాల నకాషీ బొమ్మల ఎర్ర నేపథ్యాన్ని, నిండు రంగుల్ని వెక్టర్‌లోకి తెచ్చేవాళ్లు మన దగ్గర పెరుగుతున్నారు. షోలో ఆ వృత్తి కుటుంబాల వాళ్ల పని కూడా ఉంటే సంతోషించండి, లేబుల్ మీద ఆ సంప్రదాయం పేరు స్పష్టంగా రాయండి. ప్రింట్ ధర వాళ్ల చేతిపని ధరకు మించి పెట్టడం నా మనసుకు నచ్చదు.

ఒప్పుకునే ముందు కాగితాలు

ఉద్యోగం చేస్తున్న డిజైనర్లు అందరికంటే ముందు ఇది చూసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఆఫీసు కోసం గీసిన పాత్రను షోలో పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రిళ్లు సొంతంగా వేసిన వాటికి కూడా మీ అపాయింట్‌మెంట్ లెటర్లో ఏముందో ఒకసారి చదవండి. ప్రింట్ కొన్నవాళ్లకు ఆ కాగితం దక్కుతుంది, కాపీరైట్ దక్కదు. ఎవరైనా బొమ్మ హక్కులు కూడా రాసివ్వమంటే 19వ సెక్షన్ గుర్తుంచుకోండి. అది రాతపూర్వకంగా ఉండాలి, కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. షో నిర్వాహకులు క్యాటలాగుకు, ప్రచారానికి బొమ్మ వాడుకోవడం సహజం. క్యాలెండర్లకు, కప్పులకు వాడుకోవడానికి మాత్రం వేరే ఒప్పందం అడగాలి.

ఎవరికీ మీ ఒరిజినల్ వెక్టర్ ఫైలు పంపవద్దు. క్యాటలాగుకు చిన్న జేపెగ్ చాలు. ప్రింట్ వాళ్లే తీయిస్తామంటే ఒక సైజుకు కుదించిన పీడీఎఫ్ ఇవ్వండి, టెస్ట్ ప్రింట్ చూసి సంతకం చేశాకే మిగతావి తీయమనండి, ఎన్ని తీశారో రాయించుకోండి.

పనులు అప్పగించేటప్పుడు ఒక పేజీ రసీదు చాలు. బొమ్మ పేరు, సైజు, ఎడిషన్ నంబరు, ధర, కమిషన్ ఫ్రేమ్ ఖర్చు తీసేశాకా లేక మొత్తం మీదా, డిస్కౌంట్ ఇస్తే ఎవరి వాటాలోంచి, అమ్ముడైతే ఎన్ని రోజుల్లో డబ్బు, గాజు పగిలితే ఎవరి బాధ్యత, బిల్లు ఎవరి పేరు మీద, అమ్ముడుపోనివి ఏ తేదీన ఎవరు తిరిగి తెచ్చిస్తారు. చివరి రెండూ రాయకుండానే చాలా షోలు నడిచిపోతుంటాయి. అడిగితే ఎవరూ కోప్పడరు, అడగనివాళ్ల ఫ్రేములే నెలల తరబడి స్టోర్ రూముల్లో ఉండిపోతాయి. సంతకాలయ్యాక రసీదును, వెనకవైపు లేబుల్‌తో సహా ప్రతి ఫ్రేమును ఫోన్‌లో ఫోటో తీసుకుని ఇంటికి బయల్దేరండి.